ఇన్‌ఛార్జి తల్లి

జిల్లా సమన్వయాధికారి దండమూడి ప్రభాకరం గారికి ఖాళీ అన్న మాట గిట్టదు. ఆయన కార్యాలయంలో పోస్టులు చాలా ఉన్నాయి, మనుషులు మాత్రం నలుగురే. అయినా ఫలానా పోస్టు ఖాళీగా ఉందని అక్కడ ఎవరూ వేలెత్తి చూపలేరు. ఒకరు రిటైరైనా, బదిలీ అయినా, చివరికి పోయినా సరే, సాయంత్రంలోగా ఆ కుర్చీకి ఉన్నవాళ్ళలోనే ఒకరిని ఇన్‌ఛార్జిగా వేసి, 'పూర్తి అదనపు బాధ్యతలు' అని ఉత్తర్వు తీసి, ఆయన ప్రశాంతంగా ఇంటికి వెళ్ళి భోంచేసేవారు. సూపరింటెండెంటు సూర్యప్రకాశం గారు అకౌంటెంటుకీ, స్టోర్ కీపరుకీ, జీపు డ్రైవరుకీ కూడా ఇన్‌ఛార్జి. ఆయనకి డ్రైవింగు రాదు. జీపుకి ఇంజను లేదు కాబట్టి ఇంతవరకూ ఇబ్బంది రాలేదు. అటెండరు నూకరాజు తోటమాలికి ఇన్‌ఛార్జి. తోట సంగతి ఎవరూ అడగలేదు.

ఇంతకీ ఆ కార్యాలయం చేసే పని ఏమిటంటే, జిల్లాలోని మిగతా కార్యాలయాలు చేసే పనిని సమన్వయం చేయడం. ఆ సంగతి మిగతా కార్యాలయాలకు తెలియదు.

ఇక్కడ సీనియర్ అసిస్టెంటుగా పనిచేస్తున్న గుమ్మళ్ళ హైమావతి ప్రసూతి సెలవు ముగించుకుని అప్పుడే డ్యూటీలో చేరింది. పెళ్ళైన చాలా ఏళ్ళకి పుట్టిన పాప, అదీ నెలలు నిండకుండా పుట్టింది. ఈ వయసు పిల్లలు బోర్లాపడి ఇల్లంతా పాకేస్తుంటే ఈ పిల్ల ఇంకా మెడ నిలపడానికి తంటాలు పడుతోంది. సీసా నోటికి పెడితే ఉమ్మేస్తుంది. తల్లి దగ్గరైతే తాగుతుంది, అదీ నాలుగు గుక్కలు తాగి, అలిసిపోయి నిద్రపోయి, మళ్ళీ లేచి ఇంకో నాలుగు గుక్కలు. "దీనికి మందుల కంటే మీరు పక్కనుండడం ముఖ్యమమ్మా. ఈ కొద్ది నెలలూ గడిస్తే గట్టిపడుతుంది" అన్నారు పిల్లల డాక్టరు. భర్త ఉద్యోగం విజయవాడలో, వారానికోసారి వస్తాడు. ఇంట్లో ఉన్నది హైమావతి తల్లి మహాలక్ష్మమ్మ. ఆవిడ దగ్గర పాలు తప్ప అన్నీ ఉన్నాయి.

అందుకని హైమావతి శిశు సంరక్షణ సెలవుకి దరఖాస్తు పెట్టుకుంది. ఆమెకి మంచి డ్రాఫ్టరని పేరు. బిడ్డ బలహీనత గురించీ, ఆ స్థితిలో తల్లి స్పర్శ, తల్లి పాలు, తల్లి వెచ్చదనం ఎంత అవసరమో దాని గురించీ రాస్తుంటే ఆమెకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ దరఖాస్తు ప్రభాకరం గారి బల్లమీద, గాజు పేపర్‌వెయిట్ కింద, పరిశీలనలో ఉంది.

అలా ఉండగా జీవకారుణ్య మాసం వచ్చింది.

ఈ మాసాలు రాజధానిలోని పై ఆఫీసు నుంచి వస్తాయి. దానికి ముందు వచ్చినది స్వచ్ఛ కార్యాలయ మాసం. ఆ మాసంలో పావురాలు లోపలికి రాకుండా కిటికీలకీ వెంటిలేటర్లకీ నైలాన్ వలలు కట్టించి, ఫోటోలు తీసి పంపిస్తే, జోన్ మొత్తానికి ఈ కార్యాలయం ప్రథమ స్థానంలో నిలిచింది. ఒక ఫోటోలో మాత్రం రికార్డు గది వెంటిలేటరు దగ్గర చిన్న సందు కనిపిస్తోందని పై ఆఫీసు వాళ్ళు రాశారు. వెంటనే, ఆ మాసం ఆఖరి రోజున, ఆ సందు కూడా కుట్టించి కొత్త ఫోటో పంపారు. ఆ సందులోంచే ఒక పావురం రోజూ లోపలికి వచ్చి పోతోందని ఎవరికీ తెలియదు. తెలిసేసరికి స్వచ్ఛ మాసం వెళ్ళిపోయి జీవకారుణ్య మాసం నడుస్తోంది.

తెలిసింది నూకరాజుకి. పాత ఫైలు కోసం రికార్డు గదిలోకి వెళ్ళినవాడు బీరువా మీద సన్నటి కీచు శబ్దం విని, ఎలకేమో అనుకుని స్టూలెక్కాడు. నాలుగు పుల్లలు, ఒక రబ్బరు బ్యాండు, రెండు ట్యాగులు వేసి అల్లిన గూట్లో ఒక పావురం పిల్ల ఉంది. ఒంటిమీద పసుపు నూగు, అక్కడక్కడ మొలుస్తున్న ఈకల మొనలు, ఒంటికి మించిన ముక్కు. మెడ వాల్చేసి ఉంది. ముట్టుకుంటే చల్లగా తగిలింది. వెంటిలేటరు అవతల సన్‌షేడు మీద తల్లి పావురం వలని ముక్కుతో లాగుతోంది.

ప్రభాకరం గారు అత్యవసర సమావేశం పిలిచారు. జీవకారుణ్య మాసం సర్క్యులర్ చదివి వినిపించారు. "కార్యాలయ ఆవరణలో బలహీన, నిస్సహాయ స్థితిలోనున్న ఏ జీవి మరణించినను సదరు కార్యాలయాధిపతి వ్యక్తిగతముగా బాధ్యత వహించవలెను." వ్యక్తిగతముగా అన్న మాట ఆయన రెండోసారి చదివారు.

"పిల్ల చనిపోకూడదు. వల ముట్టుకోకూడదు. ఈ రెండిటికీ లోబడి ఎవరైనా సలహాలివ్వొచ్చు" అన్నారు.

"వల ఓ మూల విప్పితే తల్లే వచ్చి చూసుకుంటుందండి" అన్నారు సూర్యప్రకాశం గారు.

"ఫోటో వెళ్ళిపోయింది సూర్యప్రకాశం గారూ. వెళ్ళిపోయిన ఫోటోకి విరుద్ధంగా మనం ఉండకూడదు."

"పోనీ పిల్లనే తీసికెళ్ళి సన్‌షేడు మీద పెడితేనండీ?" అన్నాడు నూకరాజు.

"అంటే నిస్సహాయ జీవిని కార్యాలయం నుంచి వెళ్ళగొట్టామని రాయమంటావా?"

నూకరాజు రాయమనలేదు. "మరి లోపల తల్లి లేదు కదండీ" అని ఊరుకున్నాడు.

ప్రభాకరం గారి మొహం వికసించింది. చాలాసేపటి నుంచి వెతుకుతున్న ఫైలు దొరికినట్టయింది ఆయనకి. "లేదు అనకూడదు నూకరాజూ. పోస్టు ఉంది, మనిషి లేరు. దాన్నే ఖాళీ అంటారు."

సాయంత్రానికి ఉత్తర్వు వెలువడింది. సదరు పావురము పిల్లకు తల్లి స్థానము ఖాళీగా నున్నందున, పరిపాలనా సౌలభ్యము దృష్ట్యా, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు సీనియర్ అసిస్టెంటు శ్రీమతి జి. హైమావతి తన విధులకు అదనముగా తల్లిగా పూర్తి బాధ్యతలు స్వీకరించవలసినది.

హైమావతి ఆ కాగితం పట్టుకుని ఆఫీసరు గదిలోకి వెళ్ళింది. "నాకు పావురాల సంగతి ఏమీ తెలీదండి."

"మీ దరఖాస్తులో మీరే రాశారు కదమ్మా. బలహీనమైన బిడ్డ, తల్లి వెచ్చదనం, తల్లి స్పర్శ. చాలా బాగా రాశారు. ఈ కార్యాలయంలో ఆ విషయంలో తాజా అనుభవం ఉన్నది మీకొక్కరికే."

"అది సెలవు కోసం రాసిందండి."

"ఎందుకోసం రాసినా అర్హత అర్హతే."

"మరి నా సెలవండి?"

ప్రభాకరం గారు బాధగా చూశారు. "ఇలాంటి సమయంలో తల్లే సెలవు పెడితే ఆ పసిదాని గతేం కావాలి? మీరూ ఒక బిడ్డ తల్లే, మీరే ఆలోచించండి."

హైమావతి ఆలోచించింది. ఆలోచించినకొద్దీ ఒళ్ళు మండింది. కానీ బీరువా మీంచి దించి బల్లమీద పెట్టిన ఆ పిల్లని చూసేసరికి కోపం ఎవరి మీద చూపించాలో తెలియక, టేబుల్ ల్యాంపు దగ్గరికి జరిపి, అట్టపెట్టెలో పాత నూలు చీరముక్క పరిచి అందులో పడుకోబెట్టింది. శనగలు నానబెట్టి మెత్తగా నూరి ముక్కు దగ్గర పెడితే పిల్ల నోరు తెరవలేదు. పిచ్చుక పిల్లలూ కాకి పిల్లలూ నోళ్ళు తెరుచుకుని అరుస్తుంటే చూసిందే గాని, ఆకలితో ఉండి కూడా నోరు తెరవని పిల్లని ఆమె ఎప్పుడూ చూడలేదు.

ప్రభాకరం గారు ఆ రోజు నివేదికలో 'లబ్ధిదారు ఆహారమును నిరాకరించినది' అని రాయించారు.

మర్నాడు పిండి అంటిన ఆమె వేళ్ళ సందులోకి పిల్ల గుడ్డిగా ముక్కు దూర్చి పొడిచింది. మళ్ళీ దూర్చింది. దూర్చి తల ఊపింది. హైమావతి పిడికిలి వదులుగా మూసి, అందులో పిండి నింపి, పట్టుకుని కూర్చుంది. పావురం పిల్ల నోరు తెరవదు, తల్లి నోట్లోకి తన ముక్కు దూర్చి తాగుతుంది. ఆ సంగతి అర్థమయ్యాక ఆమెకి పాప గుర్తొచ్చి రవిక తడిసింది. కొంగు నిండుగా కప్పుకుని పిడికిలి అలాగే పట్టుకుంది.

పిల్ల రోజుకింత తింటోంది గాని పుంజుకోవడం లేదు. ఫోను చేసి అడిగితే పశువుల డాక్టరు, ఆ వయసులో దానికి తల్లి గొంతులో ఊరే పాలే కావాలనీ, తల్లి దగ్గరికి చేర్చడమే వైద్యమనీ చెప్పి, అదే మాట రాసి పంపించారు. దానికి ప్రభాకరం గారు ఉత్తర్వు నకలు జతచేసి, తల్లి ఇప్పటికే విధుల్లో ఉన్నారని జవాబిచ్చారు.

తల్లి ఉన్నప్పుడు తండ్రి లేకపోతే బాగుండదని సూర్యప్రకాశం గారిని తండ్రికి ఇన్‌ఛార్జిగా వేశారు. ఆయన ఏ అభ్యంతరమూ చెప్పకుండా చేరిపోయారు. నలుగురు పిల్లల్ని పెంచిన అనుభవంతో, ఆ పోస్టులో పెద్దగా పని ఉండదని ఆయనకి తెలుసు. రోజూ పదకొండింటికి ఓసారి వచ్చి పెట్టెలోకి తొంగిచూసి, "ఏమంటోంది?" అని అడిగి వెళ్ళేవారు.

అసలు తల్లి సన్‌షేడు మీంచి కదల్లేదు. ఎండలో కూర్చునేది, వల లాగేది, అలిసి మళ్ళీ కూర్చునేది. లోపల పిల్ల కీచుమన్నప్పుడల్లా అటూ ఇటూ గెంతేది. హైమావతికి అటు చూడాలంటే మనసొప్పేది కాదు. చూడకుండా ఉండనూ లేకపోయింది. ఒక రోజు ప్రభాకరం గారిని రికార్డు గదిలోకి పిలిచి వెంటిలేటరు చూపించింది.

"అదిగోనండి దాని తల్లి. ఒక్క బెత్తెడు సందిస్తే చాలండి."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "తల్లి అనడానికి ఆధారం?"

"ఎండలో ఎవరు కూర్చుంటారండి అలా?"

"సరే, తల్లే అనుకుందాం. వల కట్టిన నాటి నుంచి ఆవిడ విధులకు హాజరు కాలేదు. సెలవు చీటీ లేదు. కారణం తెలపలేదు. ఇప్పుడు బయట కూర్చుని లోపలికి రానివ్వలేదంటే ఎలా? పైగా ఆ స్థానంలో మీరున్నారు. ఒక పోస్టులో ఇద్దరిని పెట్టే అధికారం నాకు లేదు."

న్యాయంగా ఉండాలని ఆయన తల్లి పావురానికి సంజాయిషీ నోటీసు ఇచ్చారు. అనధికారిక గైర్హాజరుకు ఏల చర్య తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలసినది. నూకరాజు నిచ్చెన వేసుకుని సన్‌షేడు కింద గోడకి అంటించాడు. నోటీసు మీద పావురం వెలిబుచ్చిన అభిప్రాయాన్ని మర్నాడు తడిగుడ్డతో తుడవాల్సి వచ్చింది. గడువు దాటింది. జవాబు రాలేదు కాబట్టి ఆమెకి చెప్పుకోడానికి ఏమీ లేదని భావించారు.

ఆ మర్నాడు పొద్దున్న హైమావతి ఆఫీసుకి వచ్చేసరికి పిల్ల పెట్టెలో పక్కకి ఒరిగి ఉంది. పిడికిలి పెడితే ముక్కు దూర్చలేదు. చల్లబడుతోంది. అరచేతుల్లోకి తీసుకుని ఊపిరి ఊదుతూ కూర్చుంది. అంతలో ఇంటి నుంచి ఫోను వచ్చింది.

"హైమా, ఒళ్ళు కాలిపోతందే దీనికి" అంది మహాలక్ష్మమ్మ. "పొద్దున్నుంచి చుక్క పుచ్చుకోలేదు. ఏడవడం కూడా మానేసింది. నాకు బయ్యంగా ఉంది, వచ్చెయ్యవే."

హైమావతి పిల్లని చేతుల్లో పెట్టుకునే ఆఫీసరు గదిలోకి వెళ్ళింది. పాపకి జ్వరమని చెప్పింది. ఇంటికి వెళ్ళాలని చెప్పింది.

"వెళ్ళొచ్చు" అన్నారు ప్రభాకరం గారు. "తల్లి బాధ్యతలు ఎవరికైనా అప్పగించి, వాళ్ళు స్వీకరించినట్టు చార్జి రిపోర్టు మీద సంతకం పెట్టించి వెళ్ళండి. నేను కాదనను. నూకరాజుకి ఇద్దామంటే ఇప్పటికే తోట ఉంది. సూర్యప్రకాశం గారికి ఇద్దామంటే ఒకే పిల్లకి తల్లీ తండ్రీ ఒకరే కావడం సంప్రదాయం కాదు. మీరే ఎవరినైనా చూడండి."

హైమావతి బయటికి వచ్చింది. తన బల్ల మీంచి కత్తెర తీసుకుంది. రికార్డు గదిలో స్టూలెక్కి, ప్రథమ స్థానం తెచ్చిన ఆ వలని ఒక మూల కత్తిరించింది. పిల్లని గూట్లో పెట్టి, స్టూలు దిగి, గోడకి ఆనుకుని నిలబడింది.

పావురం కాసేపు బెదిరింది. తర్వాత ఆ సందులోంచి దూరి బీరువా మీద వాలింది. మెడ చాపి పిల్లని ముక్కుతో కదిపింది. పిల్ల కదల్లేదు. మళ్ళీ కదిపి, దాని మీద కూర్చుని రెక్కలు దించింది. ఆఫీసులో సూర్యప్రకాశం గారు టైపు కొడుతున్నారు, టీ కుర్రాడెవరో గేటు దగ్గర గ్లాసులు చప్పుడు చేస్తున్నాడు. చాలాసేపటికి పావురం పొట్ట కింద నుంచి ఆ పెద్ద ముక్కు బయటికి వచ్చి, తడుముకుంటూ తల్లి నోట్లోకి దూరింది. తల్లీ పిల్లా ఒక్కటే లయలో తల ఊపాయి. హైమావతికి ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్ళూ పాలు లేని పిడికిలి పట్టుకుని కూర్చున్నానని సిగ్గు కూడా వేసింది.

ఏడవడం అయ్యాక చార్జి రిపోర్టు రాసింది. సూర్యప్రకాశం గారు పావురాన్ని మెల్లగా పట్టుకుంటే, నూకరాజు స్టాంపు ప్యాడు తెచ్చాడు.

ప్రభాకరం గారు రిపోర్టుని వెలుతురుకి పట్టుకుని చూశారు. "ఇదేమిటమ్మా?"

"బాధ్యతలు తీసుకున్నవారి ముద్రండి. చదువు రాదు."

"సాక్షి?"

"నేనేనండి" అన్నారు సూర్యప్రకాశం గారు. "తండ్రి హోదాలో."

ప్రభాకరం గారు వెతికారు. తేదీ ఉంది, సమయం ఉంది, ఇచ్చినవారి సంతకం, పుచ్చుకున్నవారి ముద్ర ఉన్నాయి. తప్పు దొరకలేదు. వలలో చిల్లు సంగతి వస్తే, అది చిల్లు కాదనీ సిబ్బంది రాకపోకల మార్గమనీ సూర్యప్రకాశం గారు మనవి చేశారు. పోస్టు ఖాళీగా లేదన్న మాట మిగతా అన్నిటికన్నా ప్రభాకరం గారికి హాయినిచ్చింది. సంతకం చేశారు. హైమావతి ఆటో ఎక్కింది.

ఇంటికి చేరేసరికి పాప కళ్ళు మూతలు పడి ఉన్నాయి. రొమ్ముకి ఆనించుకున్నా పట్టుకోలేదు. డాక్టరు మందు వేసి, తడిగుడ్డ వేస్తూ ఒంటికి ఆనించుకునే ఉండమన్నారు. హైమావతి ఆ రోజంతా దాన్ని కింద పెట్టలేదు. తెల్లవారాక జ్వరం జారింది. మధ్యాహ్నం పాప కళ్ళు విప్పి, తల అటూ ఇటూ తిప్పి వెతుక్కుని, పుట్టినప్పటి నుంచి ఎప్పుడూ లేనంత గట్టిగా పట్టుకుంది. నాలుగు గుక్కల దగ్గర ఆగలేదు. మహాలక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సరిగ్గా అప్పుడే నూకరాజు వచ్చాడు. సైకిలు గోడకి ఆనించి, గుమ్మం బయట వీధి వైపు తిరిగి నిలబడ్డాడు.

"పాపకెలాగుందండి?"

"తాగుతోంది నూకరాజూ. ఏంటిలా వచ్చావ్?"

"ఆఫీసరుగారు ఉత్తర్వు పంపేరండి. చదివి చెప్పేసి రమ్మన్నారండి."

"చదువు."

నూకరాజు గొంతు సవరించుకున్నాడు. శ్రీమతి హైమావతి తల్లి బాధ్యతల నుండి రిలీవైనందున, తల్లిగా ఆమె పెట్టుకున్న శిశు సంరక్షణ సెలవు దరఖాస్తుకు కారణము లేకపోయినది. అయితే సదరు దరఖాస్తులో పేర్కొన్న కారణములన్నియు ప్రస్తుతము విధుల్లోనున్న తల్లికి అక్షరాలా వర్తించుచున్నందున, జీవకారుణ్య మాసము స్ఫూర్తితో, పేరు సవరించి, పావురమునకు సెలవు మంజూరు చేయడమైనది. సెలవులోనున్నవారు కార్యాలయములో ఉండరాదు గనుక రాకపోకల మార్గము మూసివేయడమైనది. ఈ కాలములో తల్లి స్థానము ఖాళీ యగుచున్నందున శ్రీమతి హైమావతి వెంటనే బాధ్యతలు స్వీకరించవలసినది.

వంటింట్లోంచి మహాలక్ష్మమ్మ తొంగిచూసింది.

"ఆ మార్గం ఎవరు మూశారు?" అంది హైమావతి.

"నేనేనండి. నన్నే కుట్టమన్నారండి." నూకరాజు ఇంకా వీధి వైపే చూస్తున్నాడు. "కుట్టు కొంచెం వదులుగా వేసేనండి. ఇందాక నేనొచ్చేటప్పుడు ఆవిడ లోపలే ఉందండి. పిల్ల లేచి కూచుందండి."

హైమావతి ఊపిరి పీల్చుకుని పాప చెవి మీదికి జారిన జుట్టు వెనక్కి తోసింది.

"మరి ఎప్పుడొస్తారని చెప్పమంటారండి? ఆయన కనుక్కుని రమ్మన్నారండి, పోస్టు ఖాళీగా ఉంటే ఆయనకి అన్నం సయించదండి."

"ఇది వదిలినప్పుడు వస్తానని చెప్పు."

నూకరాజు గుమ్మం దగ్గర కాసేపు ఆగాడు. లోపల నుంచి గుటక చప్పుడు ఒకదాని వెనక ఒకటి వినిపిస్తూనే ఉంది. అది వదిలేలా లేదు. ఆ మాటే చెబుదామని అతను సైకిలెక్కాడు.